పోగు లెక్క: సన్న బట్ట మీద క్రాస్ స్టిచ్

మ్యాటీ క్లాత్ మీద చెయ్యి బాగా తిరిగినవాళ్ళు కూడా సన్న బట్టకి మారగానే మొదటి పది ఇంటూలకే, అంటే ఇంటూ గుర్తులాంటి పది కుట్లకే, విసుగొచ్చి పక్కన పడేస్తుంటారు. తప్పు చేతిది కాదు. మ్యాటీలో గడి ముందే నేసి ఉంటుంది, నాలుగు మూలలా కన్నాలు కనిపిస్తాయి, సూది దారి అదే వెతుక్కుంటుంది. లినెన్‌లోనూ ఈవెన్‌వీవ్ అనే సమాన నేత బట్టలోనూ గడి ఉండదు. అడ్డం రెండు పోగులు, నిలువు రెండు పోగులు లెక్కపెట్టి గడిని మనమే చేసుకోవాలి. అందుకే ఈ పనిలో సూదికంటే లెక్క ముఖ్యం. ఆ లెక్క కుట్టు దగ్గర కాదు, బట్టల కొట్టులోనే మొదలవుతుంది.

కౌంట్ అంటే ఏ కౌంట్?

గోదావరి జిల్లాల్లో చేనేత ఊళ్ళు ఎక్కువ కాబట్టి ఈ మాట దగ్గరే ముందు తికమక వస్తుంది. బండారులంకలోనో పులుగుర్తలోనో నేతవాళ్ళు 80 కౌంట్ అంటే అది నూలు సన్నదనం. ఒక్కోటి 840 గజాలుండే చిలపలు (నూలు చుట్టలు) 80 కలిస్తే ఒక పౌండు తూగుతాయని అర్థం. లినెన్ షర్టు గుడ్డల దగ్గర వినపడే 60 లీ కూడా అలాంటిదే, కాకపోతే అక్కడ చిలప 300 గజాలు. క్రాస్ స్టిచ్ చార్టులో, అంటే గళ్ళలో గీసిన బొమ్మ కాగితంలో, రాసే కౌంట్ వేరు: బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయన్నదే ఆ అంకె. 28 కౌంట్ లినెన్ కావాలని మనం అడుగుతాం, కొట్టువాళ్ళు వాళ్ళ లెక్కలో ఏదో ఇస్తారు. ఎవరి తప్పూ లేదు, బట్ట మాత్రం పనికిరాదు. పేరు అడగడం మానేసి, స్కేలూ భూతద్దమూ పట్టుకెళ్ళి పోగులు లెక్కపెట్టుకోవడం మేలు.

లెక్కపెట్టేటప్పుడు ఒక్క అంగుళం తీసుకుంటే ఒక పోగు అటూ ఇటూ అవుతుంది. రెండు అంగుళాల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, మధ్య పోగులు లెక్కపెట్టి సగం చెయ్యండి. కళ్ళకి కష్టమైతే స్కేలు పక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసుకుని లెక్కపెట్టుకోవచ్చు. కొన్ని బట్టల్లో పోగులు రెండేసి జంటగా నడుస్తాయి. అక్కడ జంటని ఒక పోగు కిందే లెక్కించాలి. ఇదంతా ఒకసారి పడుగు (నిలువు పోగుల) వైపు, ఒకసారి పేక (అడ్డ పోగుల) వైపు, రెండుసార్లు చెయ్యాలి. ఎక్కువమంది ఒకవైపే చూసి ఊరుకుంటారు, దెబ్బ తినేదీ అక్కడే.

ఎందుకంటే క్రాస్ స్టిచ్ కోసమే నేసిన ఈవెన్‌వీవ్‌లో పడుగూ పేకా సమానంగా ఉంటాయి. మామూలు గుడ్డల్లో ఉండాలని ఏమీ లేదు. తాడితోట, ద్వారపూడి బట్టల బజార్లలో మీటర్ల లెక్కన తెచ్చిన నూలు గుడ్డలో నిలువు పోగులు అంగుళానికి 30, అడ్డ పోగులు 26 ఉన్నాయనుకోండి. అటు వంద ఇటు వంద ఇంటూలున్న గుండ్రటి ముగ్గు చార్టు దాని మీద రెండేసి పోగుల చొప్పున కుడితే, వెడల్పు 100 భాగించు 15, అంటే 6.7 అంగుళాలు వస్తుంది. ఎత్తు 100 భాగించు 13, అంటే 7.7 అంగుళాలు. ముగ్గు కాస్తా కోడిగుడ్డవుతుంది. తేడా అంగుళానికి ఒక పోగు లోపైతే పూలకీ లతలకీ అంచులకీ ఫరవాలేదు. అక్షరాలకీ ముఖాలకీ వృత్తాలకీ మాత్రం అదీ కనిపిస్తుంది.

కొలిచే ముందు గుడ్డని తడపడం మర్చిపోవద్దు. కోరా గుడ్డలో గంజి ఉంటుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, తడి పొడిగా ఉండగా ఇస్త్రీ చేసి, అప్పుడు లెక్కపెట్టాలి. నూలు ముడుచుకున్నప్పుడు పడుగు వైపూ పేక వైపూ ఒకేలా ముడుచుకోదు. కొట్టులో సమానంగా కనిపించిన బట్ట తడిశాక మారిపోవచ్చు.

కుట్టడానికి పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. బట్టని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకోండి. పోగుల మధ్య చిన్నచిన్న వెలుగు చుక్కలు కనిపించాలి. మొండి మొన ఉన్న 26 నెంబరు సూది పోగుని చీల్చకుండా, టక్కుమని చప్పుడు లేకుండా దిగాలి. షర్టు లినెన్లూ చీరల గుడ్డలూ చాలావరకూ ఈ పరీక్షలో పోతాయి. అవి చెడ్డ బట్టలు కావు, లెక్కకి దొరకనంత దగ్గరి నేత, అంతే. వాటి మీద కుట్టాలంటే పద్ధతి వేరు, అది చివర్లో ఉంది.

ఏ బట్టతో మొదలుపెట్టాలి

దిగుమతి బట్టల్లో జర్మనీకి చెందిన జ్వైగార్ట్ పేర్లు చార్టుల్లో తరచూ కనిపిస్తాయి. లుగానా 25 కౌంట్, క్యాషెల్ లినెన్ 28, బెల్ఫాస్ట్ లినెన్ 32, ఎడిన్‌బరో 36, న్యూకాజిల్ 40. రెండేసి పోగుల మీద కుడితే అంగుళానికి వచ్చే ఇంటూలు ఇందులో సగం. 28 కౌంట్ లినెన్ మీద బొమ్మ 14 కౌంట్ (అంగుళానికి 14 గళ్ళు) మ్యాటీ మీద ఎంత వస్తుందో సరిగ్గా అంతే వస్తుంది. 32 మీద కుడితే 16 కౌంట్ సైజు.

మొదటిసారికి 28 కౌంట్, అదీ లినెన్ కాకుండా నూలు కలిసిన ఈవెన్‌వీవ్ అయితే హాయి. లినెన్‌లో పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. దాని అందమూ అదే, కొత్తవాళ్ళ తలనొప్పీ అదే. లావు పోగు వచ్చినా ఒక పోగే, సన్న పోగు వచ్చినా ఒక పోగే. కంటికి కనిపించిన దూరాన్ని బట్టి కాకుండా పోగుల లెక్కని బట్టే పోతే, కొంచెం వెడల్పుగా వచ్చిన ఇంటూ పక్కన ఇరుగ్గా వచ్చింది సర్దుకుపోతుంది. 36, 40 కౌంట్లు మొదటి రెండు మూడు పనులయ్యాక చూసుకోవచ్చు.

బట్ట ఎంత కావాలో లెక్క తేలికే. చార్టులో ఇంటూల సంఖ్యని కౌంట్‌లో సగంతో భాగించి, నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలాలి. 140 వెడల్పు, 98 ఎత్తు ఉన్న బొమ్మ 28 కౌంట్ మీద 10 అంగుళాలకి 7 వస్తుంది. బట్ట 16కి 13 తీసుకోవాలి. అదే బొమ్మ 40 కౌంట్ మీద 7కి 4.9 వస్తుంది. మూడంగుళాలు దండగ అనుకుని ఒకటిన్నర వదిలితే, ఫ్రేము కట్టించేటప్పుడు వెనక్కి మడవడానికి గుడ్డ చాలదు.

కత్తిరించేటప్పుడు గీత గీసి కోయకండి. అంచున ఒక పోగు పట్టుకుని మెల్లగా లాగేస్తే బట్టలో సన్నటి గాడి పడుతుంది. ఆ గాడి వెంట కత్తెర పోనిస్తే పోగుకి సూటిగా తెగుతుంది. తెగిన అంచు విడిపోకుండా చీరలకి ఫాల్, పీకో వేసే చోట వెడల్పు జిగ్‌జాగ్ వేయించుకుంటే చాలు. దగ్గర పీకో వద్దని చెప్పండి, అది అంచుని ముడతలు పెట్టి బట్టని లాగేస్తుంది.

సూది, పాయలు, దారం పొడవు

28, 32 కౌంట్ల మీద రెండేసి పోగులకి 26 నెంబరు టేపెస్ట్రీ సూది (మొండి మొన ఉన్నది), ఎంబ్రాయిడరీ దారపు లచ్చిలోని ఆరు పాయల్లో రెండు. 36 మీద రెండు పాయలు నిండుగా, ఒక పాయ పలచగా వస్తాయి. ఓ మూల పది ఇంటూలు కుట్టి చూసుకుని తేల్చుకోవాలి. 40కి ఒక పాయ, 28 నెంబరు సూది. 25 కౌంట్ మీద ఒక్కో పోగుకే కుట్టినా ఒక పాయే. సన్న బట్టలో పాయ ఎక్కువైతే కన్నం ఉబ్బి పక్క గడిని తోసేస్తుంది, బట్ట ముడుచుకుపోతుంది.

దారం మూరెడు, అంటే 18 అంగుళాలు మించనివ్వకండి. ఒక్కో కన్నంలోంచి దూరిన ప్రతిసారీ పాయ అరుగుతుంది. ఒక్క పాయతో కుట్టేటప్పుడు ఆ అరుగుదల మెరుపు తగ్గడంగా బయటపడుతుంది. రెండు పాయలు కావాలంటే రెండూ కలిపి ఊడదీయకుండా, ఒక్కొక్కటి విడిగా లాగి మళ్ళీ జత చెయ్యాలి. అప్పుడు మెలిక పోయి పక్కపక్కనే పడుకుంటాయి. నాలుగైదు ఇంటూలకోసారి సూదిని వేలాడదీసి వదిలేస్తే మిగిలిన మెలిక అదే విడిపోతుంది.

డీఎంసీ, యాంకర్ కంపెనీల లచ్చిలు 8 మీటర్లు ఉంటాయి. 28 కౌంట్ మీద ఒక ఇంటూకి ముందూ వెనకా కలిపి దాదాపు 9 మిల్లీమీటర్ల దారం పడుతుంది. రెండేసి పాయల చొప్పున లచ్చిలో ఉన్నది 24 మీటర్లు. కాగితం మీద 2,600 పైగా ఇంటూలు రావాలి. మొదలూ చివరా పోయే ముక్కలూ, విప్పి కుట్టినవీ తీసేస్తే చేతికొచ్చేవి 1,800 దరిదాపులు. ఒకే రంగు వెనకతలానికి ఎక్కువ కావాల్సి వస్తే లచ్చిలన్నీ ఒకేసారి, ఒకే లాటు నెంబరువి కొనుక్కోవాలి.

మొదటి కుట్టు ఎక్కడ

మొత్తం పనిలో నిదానంగా చూడాల్సింది ఇదే. బట్టని కంటికి దగ్గరగా తెచ్చుకోండి. సాదా నేతలో ఒకచోట నిలువు పోగు అడ్డ పోగు మీదుగా పోతుంది, దాని పక్కనే అడ్డ పోగు నిలువు పోగు మీదుగా పోతుంది, చదరంగం గళ్ళలా మారిమారి వస్తాయి. ఇంటూ మొదటి కాలు కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి వేస్తారనుకుంటే, సూది పైకొచ్చే కన్నానికి కుడిపక్కన నిలువు పోగు పైకి తేలి ఉండాలి. ఆ పోగు కుట్టుకి కట్టలాగా అడ్డుపడి, దారం పోగుల కిందికి జారకుండా ఆపుతుంది. అడ్డ పోగు పైకి ఉన్నచోట మొదలుపెడితే కుట్టు పక్కకి దొర్లుతూ ఉంటుంది. ఎంత సరిగా లాగినా ఇంటూలు వాలినట్టు కనిపిస్తాయి.

దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. రెండేసి పోగులు దాటుతూ పోయినంతసేపూ ప్రతి ఇంటూ మొదటి మూల పక్కన అదే దృశ్యం కనిపించాలి: నిలువు పోగు పైన. ఎప్పుడైనా అక్కడ అడ్డ పోగు పైకి తేలి కనిపిస్తే ఒక పోగు లెక్క తప్పినట్టే, వెంటనే ఆగిపోవాలి. వరుస అంతా అయ్యాక విప్పడం కన్నా ఒక ఇంటూ విప్పడం తేలిక. అయితే అడ్డంగా ఒక పోగూ నిలువుగా ఒక పోగూ రెండూ తప్పితే దృశ్యం మళ్ళీ సరిగ్గానే కనిపిస్తుంది. ఆ దొంగ తప్పుని ఈ గుర్తు పట్టలేదు. దాన్ని పట్టాలంటే గీతలు వేసుకోవాలి.

గీతలు అంటే ఇరవై పోగులకొకటి, అంటే పది ఇంటూలకొకటి చొప్పున, బట్ట మీద తాత్కాలికంగా వేసుకునే వరస కుట్లు. పది పోగుల మీదుగా, పది పోగుల కిందుగా పోనిస్తే చాలు. మామూలు మిషను దారంతో వేస్తే కుట్టే సూది దాన్ని గుచ్చుకుంటుంది, లాగేటప్పుడు రంగు నూగు వదులుతుంది. చేపలు పట్టే గేలానికి కట్టే సన్న నైలాన్ దారం ఈ పనికి భలేగా ఉంటుంది. డెల్టాలో వలల సామాను అమ్మే ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. సూది దాన్ని చీల్చలేదు, పని అయ్యాక ఒక కొస పట్టుకుని లాగితే సర్రున వచ్చేస్తుంది. లేత రంగు బట్ట మీద లేత నైలాన్ కనిపించదు, కాబట్టి రంగుది తీసుకోండి.

మొదటి గీత బట్ట మధ్యలో వెయ్యాలి. బట్టని నాలుగు మడతలు పెట్టి నలిపితే మధ్య దొరుకుతుంది. కుట్టు కూడా మధ్య నుంచి మొదలైతే అంచుల దగ్గర బట్ట చాలకపోవడం అనే బాధ ఉండదు.

రెండు పాయలతో కుట్టేటప్పుడు ముడి అక్కర్లేదు. మూరన్నర పాయ ఒకటి తీసుకుని సగానికి మడిచి, రెండు కొసలూ సూదిలోకి ఎక్కించండి. మొదటి కాలు వేసేటప్పుడు వెనకవైపు మిగిలిన ఉచ్చులోంచి సూదిని దూర్చి లాగితే బిగుసుకుంటుంది. ఒకే పాయతో అయితే ఈ ఉపాయం పనిచెయ్యదు. రెండు మూడు అంగుళాల దూరంలో బట్ట పైన ముడి వేసి మొదలుపెట్టి, తరవాత ముడి కత్తిరించి ఆ కొసని వెనక కుట్ల కింద దూర్చెయ్యాలి. ముడి వెనక వదిలేస్తే ఇస్త్రీ చేసినప్పుడు ముందువైపు బొడిపెలా లేస్తుంది. వెనకాల ముదురు రంగు కొసల్ని ఖాళీ జాగా మీదుగా లాక్కెళ్ళడం కూడా పలచటి బట్టలో కుదరదు. ముందు నుంచి నీడలా కనిపిస్తుంది.

ఒక్కో పోగు మీదే కుట్టే పనిలో, ముఖాలకీ చిన్న అక్షరాలకీ, పద్ధతి మారుతుంది. వరుసంతా సగం ఇంటూలు వేసుకుంటూ పోయి వెనక్కి తిరిగి పూర్తి చెయ్యడం ఇక్కడ పనికిరాదు, సగం కాళ్ళు పోగుల కిందికి జారి మాయమైపోతాయి. ఒక్కో ఇంటూని అక్కడికక్కడే పూర్తి చేసి కదలాలి.

వెలుతురు, రింగు, చెమట

సన్న బట్ట పని రాత్రి ట్యూబులైటు కింద మొదలుపెట్టకపోవడమే మంచిది. ఉదయం పూట అరుగు మీద నేరుగా ఎండ పడని చోట, ఎడమ భుజం మీదుగా వెలుతురు పడేలా కూర్చోండి. నల్ల బట్ట మీద కుడుతుంటే ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుంటే కన్నాలు తేలుతాయి. ఇది చాలామందికి తోచదు, నల్ల బట్టనే తిట్టుకుంటారు.

బట్టని బిగించే చెక్క రింగు లోపలి వలయానికి అంగుళం వెడల్పు నూలు పట్టీ చుట్టండి. బట్ట జారదు, నలగదు. బిగించాక పోగులు వంకర తిరగకూడదు. మూలగా పట్టి లాగి బిగిస్తే చదరం కాస్తా వాలు గడిగా మారి, రింగు తీశాక బొమ్మ మెలికపడుతుంది. పని ఆపిన ప్రతిసారీ రింగు తీసెయ్యాలి. వానాకాలం మన తేమకి రింగు మరమేకు రాత్రికి రాత్రే బట్ట మీద తుప్పు మరక పెడుతుంది. గుచ్చి వదిలేసిన సూదీ అంతే. తుప్పు మరక సబ్బుకి పోదు.

కొబ్బరినూనె ఇంకో శత్రువు. తలకి రాసుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నా జుట్టు సర్దుకున్నప్పుడల్లా మళ్ళీ అంటుతుంది. నూనె వేలిముద్ర అప్పటికి కనిపించదు, ఇస్త్రీ వేడికి పాతుకుపోయి కొన్ని నెలలకి పసుపు పచ్చగా తేలుతుంది. అందుకే ఉతక్కుండా ఇస్త్రీ చెయ్యకూడదు.

లెక్కకి దొరకని బట్ట మీద

జాకెట్టు గుడ్డ, షర్టు లినెన్, చీర కొంగు లాంటివాటికి వేస్ట్ కాన్వాస్, అంటే పైన పరిచి కుట్టాక పోగులు లాగేసే గళ్ళ గుడ్డ, వాడతారు. బొమ్మ కన్నా చుట్టూ రెండంగుళాలు ఎక్కువున్న 14 కౌంట్ కాన్వాస్ ముక్కని బట్ట పోగుకి సూటిగా పరిచి, అంచులూ మధ్యా టాకాలు వేసుకోవాలి. ఇక్కడ మొండి సూది దిగదు, మొన ఉన్న ఎంబ్రాయిడరీ సూది కావాలి. కాన్వాస్ పోగులు గుచ్చుకోకుండా, కన్నం మూలల్లోంచే సూది దించాలి. ఒక్క పోగు గుచ్చుకున్నా చివర్లో అక్కడ అది ఊడి రాదు. కుట్టు అయ్యాక కాన్వాస్‌ని తడి గుడ్డతో అద్దితే జిగురు కరిగి పోగులు మెత్తబడతాయి. అప్పుడు చిమటాతో ఒక వైపు పోగులన్నీ ఒక్కొక్కటిగా లాగేసి, ఆ తరవాతే రెండో వైపు పోగులు లాగాలి. రెండు వైపులవీ కలిపి లాగితే కుట్లు లేచి వస్తాయి. ఉప్పాడ జాందానీ లాంటి చీరల మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. ఆ బుటాలు మగ్గం మీదే పోగులు లెక్కించి చేత్తో దూర్చినవి. వాటి పక్కన సూది పనితో పోటీ పడి ఆ సన్న నేతని చిల్లులు చెయ్యడం ఎందుకు?

ఉతుకు, ఇస్త్రీ, అంచు

ముదురు ఎరుపూ మెరూనూ రంగు దిగుతాయేమో కుట్టకముందే చూసుకోవాలి. మూరెడు దారం తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి నొక్కితే తెలిసిపోతుంది. కుట్టాక దిగితే ఆరనివ్వకండి. చల్లటి నీళ్ళు మారుస్తూ, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉంచాలి. ఆరిందా, మరక స్థిరపడిపోయినట్టే.

బోరు నీళ్ళలో ఇనుము ఉన్న ఊళ్ళలో తెల్ల లినెన్ పసుపు ఛాయ తిరుగుతుంది. ఇలాంటి వాటికి ఫిల్టరు చేసిన తాగేనీళ్ళు రెండు బిందెలు ఖర్చుపెట్టినా తప్పులేదు. కొద్దిగా షాంపూ కలిపిన చల్లటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, రుద్దకుండా నొక్కి తీసి, రెండుసార్లు జాడించాలి. పిండకుండా టర్కీ తువ్వాల్లో చుట్టి నొక్కాలి. తడి ఉండగానే మందపాటి తువ్వాలు మీద కుట్టువైపు కిందికి పెట్టి వెనక నుంచి ఇస్త్రీ చేస్తే ఇంటూలు అణిగిపోకుండా ఉబ్బెత్తుగా నిలుస్తాయి. లినెన్ బాగా వేడి తట్టుకుంటుంది. రేయాన్ కలిసిన లుగానాకి మధ్యరకం వేడి చాలు.

టేబుల్ మ్యాటో చిన్న తెరో అయితే ఫ్రేము బదులు అంచు మడిచి, నర్సాపురం, పాలకొల్లు వైపు అల్లే క్రోషే లేసు తగిలించుకోవచ్చు. లేసుని కూడా ముందే తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకులో అది ముడుచుకుని బట్ట అంచుని కుచ్చులు చేస్తుంది. మడత దగ్గర ఒక పోగు లాగేస్తే వచ్చే గాడి వెంట మడిస్తే అంచు వంకర పోదు. ఫ్రేమే కట్టిస్తే అద్దం కుట్టుకి తగలకుండా మధ్యలో సన్న చెక్క పట్టీ పెట్టమని అడగండి. వానల్లో అద్దం లోపలివైపు చెమ్మ పడుతుంది, అద్దానికి ఆనుకున్న బట్టకి బూజు చుక్కలు ముందు అక్కడే వస్తాయి.